ఫినికే తప్ప ఎక్కడైనా

అక్టోబరు నెలాఖరు. టర్కీ దక్షిణ తీరాన ఒక చిన్న అఖాతంలో లంగరేసి ఉన్న 'పెట్యూనియా' అనే తెరచాప పడవ. అందులో ఇంగ్లండు వదిలేసి ఏడేళ్ళుగా నీళ్ళమీదే కాపురముంటున్న డోరీన్, నార్మన్ దంపతులు.

"ఫినికే తప్ప ఎక్కడైనా అన్నాను కదా డోరీన్. ఐదు నెలల చలికాలం గడపడానికి ప్రపంచంలో రేవులే లేవా?"

"రేవులు బోలెడున్నాయి నార్మన్. ఇవాళ ఏదో ఒకటి తేల్చు. పొద్దున పడవల మధ్య మాట్లాడుకునే రేడియోలో అందరూ ఎక్కడికి పోతున్నారో చెప్పేశారు. మనమొక్కళ్ళమే 'ఇంకా ఆలోచిస్తున్నాం' అన్నాం. పోయినేడు ఇలాగే ఆలోచించి ఆలోచించి ఎక్కడ తేలామో గుర్తుందా?"

"ప్రశాంతంగా ఉండేది ఆ రేవు."

"ఎందుకుండదు? రేవు మొత్తానికి మనిద్దరం, ఒక మేక. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ మేకకి నా చిన్నప్పటి కబుర్లు కూడా అయిపోయాయి."

"శ్రద్ధగానే వినేది పాపం."

"మధ్యలో లేచి వెళ్ళిపోయేది. చూడు, ఈ ఏడు కూడా మేకే అయితే నేను గ్రిమ్స్‌బీలో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. సరదాకి అనట్లేదు. విమానం కూడా చూసుకున్నాను."

"మీ అక్కకీ నీకూ రెండో రోజుకే పడదు."

"పోట్లాడ్డానికైనా ఒక మనిషంటూ ఉంటుంది."

"సరే, సరే. మ్యాపు చూద్దాం. కాస్త లే, దానిమీదే కూర్చున్నావు."

"లేవను. నడుం పట్టేసింది. నోటితో చెప్పు."

"రేడియో ఏంటి ఇవాళ కిక్కురుమనట్లేదు? ఈపాటికి ఎవడో ఒకడు వాగుతూ ఉండాలే."

"టీలు తాగుతున్నారేమో. నువ్వు చెప్పు."

"మొనస్తీర్ పోదాం. ట్యునీషియా. వెచ్చగా ఉంటుంది, చేపలు చవక, బజారు పక్కనే."

"నాకూ ఇష్టమే. కానీ వారం పైనే ప్రయాణం, అదీ నవంబరు గాలుల్లో. పోయినసారి ఒక్క రాత్రి సముద్రం లేస్తే తెల్లారేదాకా నీకు బక్కెట్టు పట్టుకుని కూర్చున్నాను."

"అది ఆ ఆమ్లెట్టు వల్ల."

"ఆ ఆమ్లెట్టు నేనూ తిన్నాను."

"అయితే సిసిలీ. లికాటా."

"వీమ్ వాళ్ళు అక్కడికే పోతున్నారు."

"ఆ డచ్చాయనా? వద్దు తల్లీ. తెల్లారితే డ్రిల్లు మొదలు. నాకు తెలిసినప్పట్నుంచీ ఆ పడవకి చిల్లులు పెడుతూనే ఉన్నాడు. అది ఇంకా ఎలా తేలుతోందో నాకు అర్థం కాదు."

"మెల్లగా అనవయ్యా."

"అఖాతం ఆ చివర లంగరేసుకుని ఉన్నాడు, ఎవరికి వినపడుతుంది?"

"అవునవును, ఎవరికి వినపడుతుంది. అయితే ఇక ఫినికే."

"ఫినికేలో చలి."

"ఊరంతా నారింజ తోటలు. అక్కడ చలేంటి?"

"నారింజలు నాకు పడవు."

"నిన్న ఆరు తిన్నావు."

"అందుకే పడలేదు. పైగా మన వెనక పడవలో ఉన్న గ్వెండా కూడా చలికాలమంతా అక్కడే ఉంటుంది."

"ఆవిడేం చేసింది నిన్ను?"

"ఆవిడేం చెయ్యదు, మనచేత చేయిస్తుంది. ఒకరోజు వ్యాయామం, ఒకరోజు పాటలు, ఆదివారం తలా ఒక వంటకం. మెడలో ఈల ఒకటి. ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఈలకి లేచి, ఈలకి తిని, రిటైరై సముద్రమెక్కితే ఇక్కడా ఈలేనా?"

"ఆవిడ పాటల గుంపులో ముందు వరసలో నిలబడింది ఎవరో. కళ్ళు మూసుకుని మరీ పాడాడు."

"అప్పుడు ఎండ పడింది కళ్ళల్లో."

"గదిలోనా?"

"డోరీన్, ఇంకో రేవు చెప్పు."

"చెప్పను. ఇదంతా ఆ రోజు గురించేనా?"

"ఏ రోజు?"

"నిక్కరు రోజు."

"అదేం కాదు. దానికీ దీనికీ సంబంధమే లేదు. అసలు ఆ మాటెందుకు ఇప్పుడు?"

"ముందటేడు ఫినికే రేవులోకి పడవని వెనక్కి పెడుతుంటే నీళ్ళడుగున పడవలు కట్టే తాడు మన ప్రొపెల్లరుకి చుట్టుకుంది. అంతేగా. అందరికీ జరిగేదే."

"అందరికీ జరిగేదే? పడవ అడ్డం తిరిగిపోయి, గ్వెండా పడవ కమ్మీకి బిగించిన పొయ్యిని గుద్ది, వేగుతున్న గొర్రె కాలు నీళ్ళలో పడేయడం అందరికీ జరుగుతుందా? తాడు కోద్దామని దూకితే నా నిక్కరు కూడా ఊడిపోవడం అందరికీ జరుగుతుందా? రేవంతా టీ కప్పులు పట్టుకుని వరసగా నిలబడింది డోరీన్. నేను పైకెక్కేదాకా ఎవరూ కప్పు దించలేదు."

"తువ్వాలు ఇచ్చారుగా."

"ముఖం తుడుచుకునేది ఇచ్చారు."

"క్రిస్మస్‌కి బహుమతి కూడా ఇచ్చారు. నువ్వూ నవ్వావు."

"చెక్క ప్రొపెల్లరుకి బొమ్మ నిక్కరు చుట్టి ఇస్తే నవ్వక ఏడవనా? నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఫినికే అంటే పడవ దారి మార్చేస్తాను."

"అంటే... పోయినేడు నన్ను ఐదు నెలలు మేకతో కూర్చోబెట్టింది ఇందుకా?"

"మేక నవ్వదు."

"నార్మన్."

"సిగ్గేసింది. నీకు చెప్పడానికి ఇంకా సిగ్గేసింది. నువ్వు మాత్రం మీ అక్క దగ్గరికి పోకు డోరీన్. నువ్వు లేకపోతే ఈ పడవ ఉత్త ప్లాస్టిక్కు డబ్బా. నీ గురక వినపడకపోతే లంగరు జారిపోయిందేమోనని లేచి కూర్చుంటాను నేను."

"నేను గురక పెట్టను."

"పెడతావు. పెట్టు. నాకు కావాలి."

"అయితే ఫినికే పోదాం."

"మళ్ళీ నవ్వితే?"

"వాళ్ళనే అడుగు. ఉండు, లేస్తాను. అబ్బా, కాళ్ళు తిమ్మిరెక్కాయి."

"అదేంటి నీ కింద? మ్యాపు ఏది? అది... రేడియో మైకు కదూ? బటను నొక్కుకుని ఉందా ఇంతసేపూ? డోరీన్, అది నొక్కి ఉంటే వాళ్ళ మాట మనకి వినపడదు గానీ, మన మాటలన్నీ..."

"అఖాతమంతటికీ వినపడతాయి. అవును."

"పెట్యూనియా, నేను వీమ్‌ని. పడవ ఇంకా తేలుతూనే ఉంది నార్మన్. ఇంకో మాట. ఫినికేలో ఆ తాడు నా ప్రొపెల్లరుకీ రెండుసార్లు చుట్టుకుంది. రెండోసారి మా ఆవిడ కట్టుడు పళ్ళు నీళ్ళలో పడ్డాయి. ఆ సిగ్గుతోనే ఫినికే మానేసి లికాటా అన్నాం. ఇప్పుడు నువ్వు చెప్పేశావుగా, మేమూ ఫినికేకే వస్తాం."

"విన్నావా నార్మన్?"

"డ్రిల్లు కూడా వస్తుందా?"

"రాకుండా ఉంటుందా?"

"ఉండు. నడుం పట్టేసిందన్నావు. చూసుకోకుండా కూర్చున్నావా, చూసుకునే కూర్చున్నావా?"

"పెట్యూనియా, నేను గ్వెండాని. భలే కూర్చున్నావు డోరీన్, మొన్న మనం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. మా పక్క చోటు మీకే ఆపించి ఉంచాను. నార్మన్, నీ నిక్కరు ఆ ఏడే దొరికింది, ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాను, ఆదివారం గొర్రె కాలు నువ్వు తెచ్చినప్పుడు తీసుకెళ్ళు."