పలుకకపోతే ఎవరిని అడగాలి

సభాధ్యక్షులు కరుణాకర్ గారికి, హైదరాబాదు నుంచి పొద్దున్నే బయలుదేరి చొప్పదండి దాకా వచ్చిన ముఖ్య అతిథి అరుణ్‌కుమార్ గారికి, ఈ రోజు మనం శాలువా కప్పబోతున్న పద్మలత గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం. ఆ గోడమీది తెరలో, మన వాడకట్టు కమాన్ కింద కూర్చున్న బొమ్మలకు మాత్రం సగం నమస్కారం. మస్కట్‌లో, షార్జాలో ఉన్నవాళ్లలో ఎవరు నిజంగా వింటున్నారో, ఎవరు బొమ్మను ఇక్కడ కూర్చోబెట్టి అన్నం వండుకుంటున్నారో నాకు తెలియదు. (నవ్వులు)

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు సాంబయ్య. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాను. ఉద్యోగం వదిలింది గాని ఆ చూపు నన్ను వదలలేదు. జేబులో చేయి పెట్టుకున్న ప్రతి మనిషీ నాకు టికెట్ లేనివాడిలాగే కనబడతాడు. అధ్యక్షుల వారు చేయి బయటికి తీశారు, సంతోషం. (నవ్వులు)

అతిథిగారికి మా వాడకట్టు సంగతి తెలియాలి. ఇది నేలమీద లేదు, ఇంటర్నెట్టులో కట్టుకున్న ఊరు. మన బదులు మన బొమ్మ అందులో నడుస్తుంది, మన గొంతుతో మాట్లాడుతుంది. గల్ఫ్‌కు పోయినవాళ్లు, ఇక్కడున్న వాళ్ల ఇంటివాళ్లు, శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర కాపురముంటున్న మా ఆడబిడ్డలు అందరూ సాయంత్రమైతే అక్కడే కలుస్తారు. ఆ ఊళ్లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు ఏ సాయం కావాలన్నా పద్మలత గారు నడిపిన లింకుల పేజీయే దిక్కు. ఇల్లు కట్టడం ఎట్లా, తెలుగు రాయడం ఎట్లా, బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి, బహుమతి వచ్చిందని మోసం చేసేవాణ్ని ఎట్లా గుర్తుపట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. బొమ్మ కాళ్ల చెప్పులు విప్పడానికి కూడా ఒక లింకు ఉంది. చెప్పులతో లోపలికి పోవడానికి మనసొప్పక మా వాళ్లు చాలా రోజులు ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడే మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు మరి.

ఇంత పని ఒక మనిషి ఊరికే ఎందుకు చేస్తుందని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. పద్మలత గారూ, మీ ముందే చెబుతున్నాను, దాచుకోవడం నాకు చేతకాదు. లైబ్రరీలో రోజంతా పనిచేసి, ఇంటికి వచ్చి మళ్లీ ఈ చాకిరీ ఏమిటి, వెనక ఎవరున్నారు అనుకున్నాను. అందుకని ప్రతి లింకూ తెరిచి చూశాను. కొత్తది పెట్టినప్పుడల్లా చూశాను. ఇవాళ కూడా చూశాను. అనుమానపడటం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

ఇక మన చంద్రవ్వ సంగతి. చంద్రవ్వా, తల దించుకోకు, మంచికే చెబుతున్నాను. అతిథిగారూ, మా దగ్గర మందలించడమంటే తిట్టడం కాదు, కనబడ్డ మనిషిని ఆపి బాగోగులు అడగడం. మందలిస్తే పలుకనివాడి గడప మావాళ్లు మళ్లీ తొక్కరు. ఒకనాడు షార్జాలో ఉన్న కొండల్ బొమ్మ కమాన్ దగ్గర నిలబడి ఉంది. చంద్రవ్వ మందలించింది. జవాబు లేదు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అడిగింది. జవాబు లేదు. నేరుగా పద్మలత గారి దగ్గరికి పోయి, “గల్ఫ్‌ల ఉంటే గింత పొగరా? ఇంకోపారి గాని ఇంటిదిక్కు సూస్తనా?” అని పంచాయితీ పెట్టింది.

పద్మలత గారు అడిగింది ఒకటే మాట. “కోపానికి రాకక్కా. గాయన రూంల ఇంకెవలుంటరో ఎరికేనా?”

ఎవరికీ తెలియదు. అక్కడే వేరే క్యాంపులో ఉన్న రాకేశ్‌ను పట్టుకొని, అతనితో వెతికిస్తే, కొండల్ జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు, చేతిలో ఫోన్ అట్లాగే వెలుగుతున్నది. ఆస్పత్రికి చేర్చారు. అదిగో, తెరమీద ఎర్ర చొక్కా బొమ్మ అతనిదే. కొండల్, ఉన్నావా? చేయి ఎత్తాడు. (చప్పట్లు)

ఆ మరునాడే పేజీలో ‘పలుకకపోతే’ అని ఒక భాగం వచ్చింది. మనలో ఎవరి బొమ్మ మాట్లాడకుండా నిలబడిపోయినా ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ల పేరు కిందే ఉంటుంది. రూమువాళ్లు, క్యాంపువాళ్లు ఆమె ముఖం చూసి ఇచ్చిన నంబర్లవి.

ఇప్పుడు అరుణ్‌కుమార్ గారి కంపెనీ ఆ పేజీని ఉచితంగా చూసుకుంటామంటున్నది. ఉచితం అనే మాట వినగానే నాకు ఒళ్లంతా చెవులవుతాయి. షరతులన్నీ చదివాను. నంబర్లను ‘భాగస్వాములతో పంచుకోవచ్చు’ అని చిన్న అక్షరాల్లో ఉంది. ఎవరా భాగస్వాములు? పొద్దున చాయ్ దగ్గర అడిగితే అతిథిగారు నవ్వారు. మీరు మంచివారే కావచ్చు సార్. మేము మంచివాళ్లను కూడా టికెట్ అడుగుతాం. (నవ్వులు)

పద్మలత గారు దీనికి ఒప్పుకున్నారని తెలిసి నిన్న వాళ్లింటికి పోయాను. చాయ్ ఇచ్చారు. ముట్టుకోకుండానే అడిగాను. “చెల్లె, కంపెనోళ్లకు తాళం ఇస్తున్నవట?”

“కండ్లు సరిగ కనవడుతలేవన్నా. తెర సూడొద్దన్నడు డాక్టరు. ఎవలకో ఒకలకు ఇయ్యాలె గద.”

“మన ఊళ్లె మనుషులే లేరా?”

“పేజీ మొత్తం సదివినోడు ఒక్కడే ఉన్నడు. దొంగతనం దొరుకుతదేమో అని అన్ని లింకులు తెరిచి సూసినోడు. అడుగుదామంటే నన్నే అనుమానపడుతుండాయె.”



చాయ్ చల్లారిపోయింది. అట్లాగే తాగాను.

కాబట్టి అధ్యక్షా, కార్యక్రమంలో ‘పేజీ అప్పగింత’ అని రాసి ఉన్నది నిన్ననే అయిపోయింది. పాస్‌వర్డ్ మార్చేశాను, ఇప్పుడది పద్మలత గారికి కూడా తెలియదు. శాలువా, భోజనం యథాప్రకారం ఉంటాయి. (నవ్వులు, చప్పట్లు) ఇంత మాట పడి కూడా కుర్చీలోంచి లేవని అతిథిగారికి, సభను నడిపిన అధ్యక్షులకు, పనులు మానుకొని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

పోయే ముందు ఒక్క విషయం. తాళం చేతికి రాగానే, అలవాటు కొద్దీ, ‘పలుకకపోతే’ భాగంలో మనందరి పేర్లూ తనిఖీ చేశాను. అందరి కిందా నంబరుంది. ఒక్క పేరు కింద లేదు. అందరికోసం అడిగిన మనిషి తన కోసం ఎవరినీ అడగలేదు, ఆమెను అడగాలని మనకూ తోచలేదు. ఇంట్లో ఒక్కతే ఉంటుందని మనందరికీ తెలుసు.

చెల్లె, నీ పేరు కింద నా నంబరు, చంద్రవ్వ నంబరు పెట్టిన. నువ్వు పలుకకపోతే మేమిద్దరం నీ ఇంటికే వస్తం. ఎందుకొచ్చిండ్రని అనుమానపడకు. సెలవు.