కొమ్ములు వీధి వైపు

అది కాదు తమ్ముడూ, మూడు రోజుల నుంచి ఫోన్ చేస్తుంటే ఇవాళా రావడం? పైగా వచ్చీ రాగానే ఆ డబ్బా ముందు నిలబడి, పచ్చలైట్లన్నీ వెలుగుతున్నాయి కదమ్మా అంటావేంటి? వెలుగుతున్నాయని నాకూ తెలుసు. కళ్లున్నాయి.

స్పీడు చూశావా? బాగానే ఉందా? సరే, ఉంటే ఉండనీ. నెట్ నెమ్మదిగా ఉందని కంప్లయింటు రాయించింది నేనే, కాదనను. ఏదో ఒకటి చెప్పకపోతే మీరు వస్తారా?

ముందు ఆ కుర్చీ లాక్కుని కూర్చో. నీ జుట్టూ నెరిసింది, సంసారం చూసినవాడివి, నీకు చెబితే అర్థమవుతుంది. మావారు కళ్లజోడు బాగు చేయించుకోవడానికి వెళ్లారు. గంట దాకా రారు. ఆయన ఉంటే ఈ మాటలు మాట్లాడే వీలు లేదు.

ఇంతకీ ఈ మోడెం ఎందుకు కొన్నామో తెలుసా నీకు?

ఈ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. మావారు, మా మరిది, అందరం ఇక్కడే. నీళ్ల మోటారు స్విచ్చి ఎవరి గది పక్కన ఉండాలన్న దగ్గర అన్నదమ్ములకి మాట పట్టింపు వచ్చింది. నవ్వకు, స్విచ్చే. ఇప్పుడు రెండు మోటార్లున్నాయి, రెండు స్విచ్చులున్నాయి, మధ్యలో తొమ్మిదంగుళాల గోడ ఉంది. వాళ్ల గుమ్మం పక్క సందులోకి తిప్పుకున్నారు. మనుషులు ఎదురుపడే అవకాశమే లేదు.

గోడ అయితే లేచింది కానీ, పాత మోడెం ఉంది చూడూ, దానికి గోడ లేచిన సంగతి తెలీదు. సిగ్నల్ ఇటూ అటూ మామూలుగానే పోయేది. మావారికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి అన్నం సయించలేదు. మన నెట్ వాళ్లు వాడుకుంటున్నారు, మన నెట్ వాళ్లు వాడుకుంటున్నారు అని ఒకటే పాట.

పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది కదా అంటావా? ఆ ముక్క నాకూ తెలుసు తమ్ముడూ. నేను చెప్పలేదు.

సరే, నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అదీ వరస. అక్కడికి వచ్చినవాళ్లంతా మేడ మీదకి అందుతుందా, పెరట్లోకి అందుతుందా అని అడుగుతుంటే, మావారు మాత్రం గోడ దాటనిది ఏదైనా ఉందా అని అడిగారు. కొట్టతను ముక్కున వేలేసుకున్నాడు. మళ్లీ అడిగాడు, దాటేదా, దాటనిదా అని. దాటనిదే అన్నారు ఈయన. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

కొట్టతను బతకనేర్చినవాడు. అందరికంటే పెద్దది, ఇదిగో, ఈ నాలుగు కొమ్ములదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. కొమ్ములు ఎటు తిప్పితే సిగ్నల్ అటే పోతుందండీ, మీ ఇష్టం అన్నాడు. అంతే, మావారి మొహం వెలిగిపోయింది. ఇంటికి తెచ్చి వీధి కిటికీలో పెట్టి, నాలుగు కొమ్ములూ వీధి వైపు తిప్పి చేతులు దులుపుకున్నారు. ఆ రోజు నుంచి మా వీధిలో కుక్కలకి కూడా నిండా సిగ్నలే.

ఇక దాన్ని సెట్ చెయ్యడం నా నెత్తిన పడింది. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఏదో రాసుంటే, అద్దం పెట్టి చదివి, మూడు చెరువుల నీళ్లు తాగాను. మావారు వెనకాల నిలబడి, కొత్త పేరు పెట్టు, కొత్త పాస్‌వర్డ్ పెట్టు, వాళ్ల తాత దిగొచ్చినా తెలుసుకోలేనిది పెట్టు అని ఒకటే పోరు. వాళ్ల తాతే ఈయన తాత కూడాను. కోపంలో ఆ సంగతి గుర్తులేదు.

నేను పాతవే పెట్టాను.

అవును. పాత పేరే, పాత పాస్‌వర్డే, అక్షరం మార్చలేదు. అలా చేస్తే పాత ఫోన్లు ఎవరినీ అడక్కుండా వాటంతటవే వచ్చి కలుస్తాయని నీకు నేను చెప్పాలా? నాకు తెలుసు కనకే చేశాను. పేరు "మా ఇల్లు". పాస్‌వర్డ్ "రెండు కుర్చీలు". నీకు తెలిస్తే ఏంలే.

ఎందుకంటావా? నాది ఇంట్లో కూర్చుని చేసే పని. కోర్టులో రికార్డు చేసిన మాటలు విని టైపు కొట్టి పంపాలి. మా తోడికోడలికీ అదే పని, నేనే నేర్పాను. అదిగో ఆ వెనక గదిలోనే ఇద్దరం వీపుకి వీపు పెట్టి కూర్చునేవాళ్లం. ఆరేళ్లు. అది కొడుతుంటే కుట్టుమిషను ఆడినట్టు ఉండేది, అందుకే ఇంట్లో అందరం దాన్ని మిషను అనేవాళ్లం. సాక్షి ఎవరైనా అడ్డంగా అబద్ధం చెబుతుంటే, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, అక్కా ఇది వినవే అని నాకు పెట్టేది. పని ఆగిపోయేది, నవ్వలేక చచ్చేవాళ్లం.

గోడ సరిగ్గా ఆ రెండు కుర్చీల మధ్యే లేచింది.

నెట్ లేకపోతే దాని పని ఏమవుతుంది? కొనుక్కోవచ్చు, నిజమే. కానీ మా మరిది కూడా ఈయన తమ్ముడే కదా. అన్న కొన్నాడని తెలిస్తే కొనడు, కొనలేదని తెలిస్తే కొనడు. వాళ్లకి వాళ్ల పౌరుషం ఉంది, మధ్యలో దాని చేతిలో పని పోవాలా?

సరిగ్గా పది నిమిషాలకి, మోడెంకి కలిసిన ఫోన్ల లిస్టులో దాని ఫోను వచ్చి కూర్చుంది. ఏవో అంకెలు చూపిస్తుంటే, నేనే దానికి "మిషను" అని పేరు తగిలించాను. ఓసారి మావారు చూసి ఇదేంటి అన్నారు. బట్టలుతికే మిషనండీ, ఇప్పుడు వాటికీ నెట్ కావాలట అన్నాను. నమ్మారు.

అప్పటి నుంచి నాకు అదే పని. పొద్దున మావారు నడకకి వెళ్లగానే కొమ్ములు గోడ వైపు తిప్పడం, గేటు చప్పుడు కాగానే వీధి వైపు తిప్పడం. ఏంటీ, కొమ్ములు తిప్పితే అంత తేడా ఏమీ రాదా? ఏమో. నేను మాత్రం ఎనిమిది నెలలు తిప్పాను.

ఆరింటికి మిషను వచ్చిందంటే లేచింది. రాత్రి పోయిందంటే పడుకుంది. నాకు అంతకంటే ఏమీ తెలీదు, అదే చాలనుకున్నాను.

మూడు రోజులయింది తమ్ముడూ. లిస్టులో మిషను లేదు. పగలు లేదు, రాత్రి లేదు. ఊరెళ్లిందా, ఒంట్లో బాగాలేదా? దానికి చలికాలం వస్తే ఆయాసం. గోడకి చెవి పెడితే ఏమీ వినపడదు. సందులోంచి రెండుసార్లు పోయాను, తలుపు వేసుంది. తట్టలేకపోయాను.

ఈయన ఒట్టు ఒకటి ఉందిలే, ఆ గడప తొక్కితే నా మొహం చూడననీ. కానీ అదొక్కటే కాదు. గోడ కట్టిన రోజు నేనూ ఒక మాట అన్నాను. నేను నేర్పకపోతే నీకు అక్షరం ముక్క కొట్టడం వచ్చేదా అన్నాను. పనివాళ్లందరి ముందు. అది కుర్చీ ఎత్తుకుని అటు వెళ్లిపోయింది. ఒట్టు మావారిది, నోరు నాది. ఏ మొహం పెట్టుకుని తట్టను?

అందుకు పిలిచాను నిన్ను. దాని ఫోను ఎందుకు రావట్లేదో ఈ డబ్బాలో ఏమైనా తెలుస్తుందేమోనని.

ఇంకో విచిత్రం చూడు. మావారి ఫోను కూడా మధ్యాహ్నం లిస్టులోంచి మాయమవుతోంది. మనిషేమో ఆ వెనక గదిలోనే పడుకుని హాయిగా వీడియోలు చూస్తుంటారు. మూడు రోజులుగా ఇక్కడ నెట్ ఎంత బాగుందో, నాలుగు కొమ్ములు ఊరికే వచ్చాయా అని మీసం తిప్పుతున్నారు.

ఏంటి అలా చూస్తావు? ఏదీ, నీ ఫోను ఇటు చూపించు.

రెండా? "మా ఇల్లు" రెండున్నాయా? నాకు ఒక్కటే కనబడుతుందే... ఆహా. పేరూ పాస్‌వర్డూ ఒకటే అయితే ఏది దగ్గరుంటే ఫోను దానికే పోతుందన్నమాట. మరి ఆ రెండోది ఎక్కడుంది?

గోడకి అవతల.

నువ్వే బిగించావా? ఎప్పుడు, మూడు రోజుల కిందటా? ఈ మాట ఇందాకే చెప్పొద్దూ, నన్నింతసేపు వాగనిచ్చి! బాగుందా అది? మనిషి బాగుందా? దగ్గుతోందా? లేదు కదా. హమ్మయ్య.

పేరు మార్చుకోమ్మా, పక్కన అదే పేరు ఉంది అని నువ్వు చెబితే... వద్దందా? ఏమంది? సరిగ్గా ఎలా అందో అలాగే చెప్పు. "అదే ఉండనీ, అటు గదిలో సిగ్నల్ తక్కువ" అందా. అటు గది అంటే మా వెనక గదేగా. మోడెం కూడా ఈ గోడకే ఆనించి పెట్టించుకుందా.

ఉండు తమ్ముడూ, ఒక్క నిమిషం.

ఏం లేదు, కళ్లలో నలక.

అంటే మావారు మూడు రోజులుగా తమ్ముడి నెట్లో వీడియోలు చూస్తూ, తన మోడెంని పొగుడుకుంటున్నారన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు నాకు.

మార్చమంటావా? పొరపాటున కూడా చెయ్యి వెయ్యకు. లోపం ఏమీ లేదు అని రాసుకో, సంతకం పెడతాను. నువ్వు వెళ్లేటప్పుడు ఆ కొమ్ములు వీధి వైపు తిప్పి వెళ్లు, ఆయన వచ్చే వేళయింది.

వెళుతూ వెళుతూ ఆ సందులోకి ఏమీ వెళ్లకు. వెళ్లినా నేను ఏడ్చానని చెప్పకు. అడిగితే చెప్పు. అది అడిగితేనే సుమా.

నేనే వెళ్లి చెప్పొచ్చు కదా అంటున్నావు. చెప్పొచ్చు. పదహారు అడుగులు, ఒక మలుపు. ఎనిమిది నెలల నుంచి కొమ్ములు తిప్పుతున్నాను కానీ, ఆ పదహారు అడుగులు వెయ్యలేకపోయాను. ఇవాళ మాత్రం వేస్తానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?