నీళ్ళు పోసే మనిషి

"అట్ల కాదన్నా. పల్లవిని పంపనని నేను యాడ అంటిని? చెంగమ్మొదిన వస్తే పంపిస్తానంటిని."

పుంగనూరులో మునిలక్ష్మమ్మ చిల్లరంగడి అది. అంగడి వెనక ఇంట్లో తొమ్మిదో నెల కోడలు పల్లవి పడుకుని ఉంది. ముందు బెంచీ మీద ఆ పిల్ల తండ్రి, మదనపల్లెలో మిషను కుట్టే రెడ్డెప్ప, మొదటి కాన్పుకు కూతుర్ని పిలుచుకుపోదామని పొద్దున బస్సుకే వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్ళు రావలసిన పనికి మగవాడొక్కడే రావడం మునిలక్ష్మమ్మకు మింగుడు పడలేదు. అయినా వియ్యంకుడు కాబట్టి కాఫీ ఇచ్చింది.

"ఆయమ్మకు లీవు దొరకలేదమ్మా."

"కూతురి మొదటి కాన్పుకు దొరకని లీవు ఇంకెందుకన్నా?"

"ఆయమ్మ పని చేసే ఆ కువైటు ఇంట్లో గూడా కాన్పేనంట. ఇంటాయన కూతురు కాన్పుకని పుట్టింటికి వచ్చిండాదంట."

"ఆడ గూడా పుట్టింటికే వస్తారా?"

"ఆడ గూడా అంతేనంటమ్మా. నలభై దినాలు వాళ్ళమ్మ కాడే."

"అట్లయితే వాళ్ళమ్మ చేసుకోవల్ల గదా."

"వాళ్ళమ్మ సోఫాలో కూర్చోని సూస్తాదంట. చేసేది చెంగమ్మ."

"అంటే ఆ పిల్లకు ఇద్దరమ్మలు. మా కోడలికి ఒకరు గూడా లేరు."

"అట్లే అయిందమ్మా."

"కాఫీ తాగన్నా, ఆరిపోతాది."

"తాగతాండాను."

"ఆడమనిషి లేని ఇంటికి నిండు చూలాల్ని పంపేదెట్లో నువ్వే చెప్పు. ఆస్పత్రిలో కాన్పు డాక్టరమ్మ చేస్తాది, సరే. ఇంటికొచ్చినాక? బిడ్డకు నీళ్ళు పోసేదెవరు? పొగ వేసేదెవరు? బాలింతకు పథ్యం వండేదెవరు?"

"దానికి మనిషి ఉండాదమ్మా."

"యా మనిషి?"

"తెలిసిన మనిషే."

"నాకు తెలుసునా?"

"తెలుసు. అంటే, ఈ పని తెలిసిన మనిషని నీకు తెలీదు."

"పేరేంది?"

"పేరుతో ఏం పనమ్మా? పని వస్తే సాలు గదా."

"వయసెంత?"

"నా వయసే."

"నీ వయసే. పొద్దున వచ్చి పోతాదా?"

"యాడికి పోతాది? రాత్రి గూడా ఇంట్లోనే."

"ఇప్పుడు కొత్తగానా?"

"కొత్తేం కాదమ్మా. శానా ఏండ్లుగా."

"చెంగమ్మొదినకు తెలుసునా?"

"తెలీకుండా ఎట్లుంటాది?"

"ఒప్పుకొనిందా?"

"ఒప్పుకోకపోతే నిబ్బరంగా కువైటుకు ఎట్ల పోతాదమ్మా?"

"అన్నా, ఆ గ్లాసు ఇట్లియ్యి."

"ఇంకా కొంచెం ఉండాది."

"ఉండనీ. ఇయ్యి."

గ్లాసు లోపల పెట్టి వచ్చి, ఇంటివైపు తలుపు దగ్గరగా వేసి, మునిలక్ష్మమ్మ గొంతు తగ్గించింది.

"ఈ సంగతి తెలిస్తే మా కొడుకు సురేంద్ర రేపు కుప్పంలో తలెత్తుకోని ఆఫీసుకు పోతాడా?"

"సురేంద్రకు తలొంచుకునే పనేముండాది? నేను బిడ్డకు నీళ్ళు పోస్తే ఆయనకేం?"

"ఎవరు పోస్తే?"

"నేను."

"నువ్వా?"

"నేనే. ఆ మనిషి నేనేనమ్మా."

"మొగోడివి."

"అందుకే చెప్పేదానికి నోరు రాలేదు."

"తమాషాకంటాండావా అన్నా?"

"తమాషాకు మదనపల్లె నుంచి బస్సెక్కి వస్తానా?"

"నీకు నీళ్ళు పోసేది ఎట్ల తెలుసు?"

"పల్లవికి పోస్తిని గదా."

"పల్లవిని వాళ్ళవ్వ పెంచిందంటిరి. పెండ్లి మాటల్లో నువ్వే అంటివి. నేను విని, అవ్వ చేతి పెంపకం, బిడ్డ అణకువగా ఉంటాదని మా వాళ్ళందరికీ చెప్పుకుంటిని."

"అవ్వ లేదమ్మా."

"పోయిందంటివి."

"పోయేదానికి ఉంటే గదా."

"అంటే, అవ్వే లేదా?"

"మా అమ్మ నా పెండ్లికి ముందే పోయింది. చెంగమ్మకు పుట్టిల్లే లేదు. పల్లవి పుట్టినప్పుడు కలకడ నుంచి మదనపల్లెకు కొత్తగా కాపురం వచ్చింటిమి. చెంగమ్మకు పసిబిడ్డను ఎత్తుకోవల్లంటే చేతులు వణుకుతాండె. పడేస్తానేమో అని ఏడుస్తాండె. ఎవరో ఒకరు పొయ్యల్ల గదా. నేనే పోస్తిని. పల్లవికి అయిదో నెలలో ఆయమ్మ కువైటుకు పోయె. ఇంక అంతా నేనే."

"మిషను?"

"మిషను కాడే. ఒక కాలు మిషను మీద, ఇంకో కాలికి ఉయ్యాల తాడు."

"వీధిలో జనం సూసి నగలేదా?"

"నగతారనే తలుపేసుకోని పోస్తాంటిని. ఎవరన్నా అడిగితే లోపల అవ్వ పోస్తాండాదంటిని."

"ఆ అవ్వను సూస్తామని ఎవరూ రాలేదా?"

"అవ్వకు చెవులు వినపడవు, బయటి మనుషుల్ని సూస్తే పడదు అని చెప్తిని."

"ఎన్నాళ్ళు?"

"పల్లవి బడికి పొయ్యేదాకా."

"ఆ తర్వాత అవ్వ ఏమాయె?"

"తిరపతికి పంపించేస్తిని."

"లేని మనిషిని."

"అవునమ్మా. పక్కింటామె అవ్వకని దారికి పులిహోర గూడా కట్టిచ్చింది. అది తింటాంటే నాకే బాధైంది."

"పెండ్లప్పుడన్నా నిజం చెప్పిండల్ల గదన్నా."

"చెప్దామంటిని. మొగోడు పెంచిన ఆడబిడ్డంటే సంబంధం తప్పిపోతాదని చెంగమ్మ ఫోన్లో ఏడ్చె. నిజం చెప్పమ్మా, చెప్పింటే మీరు చేసుకునేవాళ్ళా?"

"అది ఇప్పుడెందుకు?"

"అందుకే చెప్పలేదు."

"పల్లవికి తెలుసునా?"

"తెలుసు. చెప్పొద్దంటిని."

"అదా సంగతి. నాయన కాడికి పోతా, నాయన కాడికి పోతా అంటాది. అమ్మ లేని ఇంట్లో ఏం చేస్తావంటే గోడ తట్టు తిరుక్కుంటాది. నాకెంత బాధగా ఉంటాదో తెలుసునా? నేను దాన్నేమీ అనింది లేదు."

"అది నీ మీద చెడుగా ఎప్పుడూ చెప్పలేదమ్మా. దానికి భయం. మొదటి కాన్పు గదా. నేను పక్కనుంటే ధైర్యమంట, అంతే."

"నేనుంటే ధైర్యం కాదా?"

"ఈడ ఉంటే బిడ్డకు నీళ్ళు ఎవరు పోస్తారు?"

"మనుషులు ఉండారు."

"యా మనుషులమ్మా?"

"నన్నడుగుతావా అన్నా?"

"సురేంద్రకు ఎవరు పోసిరి?"

"మా అమ్మ. పలమనేర్లో."

"నువ్వు?"

"నేను అంగడి సూసుకోవద్దా? బాలింతనే బేరానికి కూర్చుంటిని. పగలు వానికి ఆవుపాలే. సాయంత్రం బస్సుకు పొయ్యి పాలిచ్చొస్తాంటిని."

"మీ అమ్మ ఇప్పుడు..."

"పోయింది. నిజంగానే పోయింది."

"మరి?"

"మరి మరి అనాకన్నా. సూడు, నువ్వు చెప్పింది ఎట్ల నమ్మల్ల నేను? అవ్వను గూడా నమ్మితిని."

"అదీ నిజమే."

"చెంగమ్మొదిన చెప్తే నమ్ముతా. ఆయమ్మ అయిదుగురు కువైటు పిల్లోళ్ళను పెంచిన మనిషి. ఆయమ్మ చేతిలో పని ఉండాది. నీకు ఈ పని వచ్చునా రాదా అని ఆయమ్మను అడుగుతా. వచ్చునంటే పిలుచుకోని పో. రాదంటే పల్లవి ఈడే ఉంటాది, నేను ఎవరినో ఒకరిని పెట్టుకుంటా. ఇంకా దీని గురించి నన్నడగొద్దు."

"ఆయమ్మ ఈ టైంలో పనిలో ఉంటాదేమో."

"చెయ్యి. స్పీకరు పెట్టు."

"నువ్వుండావని ముందుగా చెప్తానమ్మా."

"నువ్వేం చెప్పొద్దు. చెయ్యి."

ఫోను రెడ్డెప్ప చేతిలోనే మోగింది. అతను నోరు తెరిచేలోపలే అవతలి నుంచి చెంగమ్మ గొంతు, దాని వెనక ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించాయి.

"ఏమయ్యా, నేనే చేద్దామనుకుంటాంటి. కాళ్ళమీద వేస్తానే ఈ బిడ్డ ఒకటే ఏడుపు. నువ్వు చెప్పినట్లే మాడుకు నూనె పెడితి. నీళ్ళు మోచేత్తో సూస్తి. ఇంకేం చెయ్యల్ల? ఇన్నేండ్లూ కూర్చునే వయసు బిడ్డల్నే నా చేతికిచ్చిరి. పురిటి బిడ్డ ఇదే మొదలు. మేడమ్ నన్నే సూస్తాండాది, తొందరగా చెప్పు."

"చెంగా, ఉండు, ఈడ..."

"ఈడా లేదు ఆడా లేదు, ముందు ఇది చెప్పు. పల్లవికి అంతా నువ్వే పోస్తివి. నేను పక్కన నిలబడుకోని చెంబందిస్తిని, అంతే గదా. నాకేం తెలుసు?"

"కాళ్ళు రెండూ అంటించి పెట్టుకున్నావా?"

"కొంచెం సందుండాది."

"సందుంటే పడిపోతానని భయపడతాది బిడ్డ. దగ్గరికి పెట్టుకో. తల నీ పాదాల తట్టు ఉండల్ల. ముందుగా తలకు పొయ్యొద్దు. బోర్లా వేసి, వీపుమీద అరచేయి పెట్టి, ఆ చేతిమీద పొయ్యి. నీళ్ళు నీ చేతికి తగిలినాకనే బిడ్డకు తగలల్ల."

"ఉండు. పోస్తాండా."

"ఏడుస్తాండాదా?"

"ఏడుపు నిలబెట్టింది. అయ్యో, నిద్రపోతాండాదయ్యా, నా కాళ్ళమీదనే."

"పోనీ. ఎత్తి తుడువు. చెవుల వెనక మర్సిపోవద్దు."

"తుడుస్తాండా. పల్లవిని పంపిస్తామనిరా?"

"ఇంకా చెప్పలేదు."

"మునిలక్ష్మమ్మొదినకు నా మాటగా చెప్పు. ఎవరి బిడ్డనో ఈడ కాళ్ళమీద వేసుకుంటే నాకు మన బిడ్డే గ్నాపకమొచ్చి ఏడుపొస్తాండాది. నేను రాలేదని ఆయమ్మకు కోపం ఉంటాది, ఉండనీ. అయినా నేనొచ్చినా చెంబే గదా అందిచ్చేది. నువ్వుంటే సాలని చెప్పు."

"చెప్పే పని లేదులే."

"యాల?"

"ఒదినా, నేను మునిలక్ష్మమ్మను. ఈడే ఉండాను, అంతా వింటి. నువ్వు ఏడవొద్దు, ఆ బిడ్డకు చలి తగలనీకుండా తుడువు. అన్నా, ఫోను పెట్టెయ్యొద్దు, ఒక్క నిముసం. పల్లవీ, లేయమ్మా. బట్టలు సర్దుకో, మీ నాయనతో మదనపల్లెకు పోదువు. నావి గూడా రెండు చీరలు పెట్టు, చెంబందిచ్చే మనిషి ఉండల్ల గదా."