కిర్రుమనే తలుపు

సుబ్బరత్నమ్మకు పక్షవాతంతో మాట పడిపోయింది. గుమ్మం దగ్గర కోడలు హరిత వడ్రంగితో మాట్లాడుతుంటే మంచం మీంచి వింటోంది.

“ఈ తలుపు మోత ఆగాల బ్రహ్మయ్యన్నా.”

“బందులు తుప్పు పట్టినాయమ్మా. తుడిచి గ్రీజు పెడితే చాలు, మళ్లా కిర్రుమనదు. ఎవరు ఇంతగా తోస్తాండేది?”

“మా అత్తే. నీళ్లు కావాలన్నా, దొడ్డికి పోవాలన్నా కర్రతో తలుపు తోసి పిలుస్తాది.”

“మరి మోత లేకుంటే నీకెట్ల ఇనపడతాది?”

“నువ్వు గ్రీజు పెట్టన్నా.”

బ్రహ్మయ్య పని ముగించుకుని వెళ్లాడు. సుబ్బరత్నమ్మకు నాలుక పిడచకట్టుకుపోయింది. కర్ర చాపి తలుపు తోసింది. అది చప్పుడు లేకుండా తెరుచుకుంది. అవతల హరిత నిలబడే ఉంది.

“బాగుంది గదా అత్తా? ఇంక నీ ఇష్టమొచ్చినంతసేపు తోసుకో.”