వాడక ముందు, వాడిన తరువాత

అది కాదమ్మా, సంతకం సంగతి తరవాత, ముందు నేనడిగేదానికి జవాబు చెప్పు. పాత పత్రికలో మా ఫోటోలు దొరికాయన్నావు, బాగుంది. ఆ టానిక్ కంపెనీ వాళ్ళే ఇప్పుడు సన్నబడే పొడి అమ్ముతున్నారన్నావు, అదీ బాగుంది. మరి నా బొమ్మ కింద "వాడిన తరువాత" అని రాశారేమిటి?

నేను "వాడక ముందు" తల్లీ! పెళ్ళి కాక ముందు నుంచీ!

కూర్చో. ప్రకటనల ఆఫీసులో పనిచేస్తున్న పిల్లవి, నీకిది తెలియాలి. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మొదటి నుంచి చెప్పకపోతే నాకు తోచదు.

మా పైవాటాలో ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. టానిక్ కంపెనీ ఆయన్ని ఒక బక్కపిల్ల ఫోటో, ఆ పిల్లే ఒళ్ళు చేశాక ఇంకో ఫోటో అడిగింది. ఒళ్ళు చేసేదాకా ఎవరు కూర్చుంటారు? మేమా, అక్కచెల్లెళ్ళం. ఒకటే ముక్కు, ఒకటే కళ్ళు. నేను పుల్లలా ఉండేదాన్ని, అక్క నిండుగా ఉండేది. ఇద్దరికీ ఒకటే జాకెట్టు తొడిగారు. నాకు వెనక పిన్నులు పెట్టారు, అక్కకి కుట్లు విప్పారు. అయిపోయింది! ఆ సీసా మూతైనా మేం తీసి చూడలేదు.

ఏం, నవ్వుతున్నావు? మీరు కంప్యూటర్లో చేసేది మేం పిన్నులతో చేశాం.

తేడా లేదని కాదు, ఉంది. అప్పటి ప్రకటనలో బోలెడు చదువుండేది. నీరసం, మతిమరుపు, జుట్టు రాలడం, పిల్లలకి లెక్కలు రాకపోవడం, అన్నిటికీ ఒకటే సీసా! కింద అడ్రసు, పోస్టు ఖర్చులు వేరు. చదివేసి ఆ కాగితం అలమర అరలో పరిస్తే నోరు మూసుకుని పడుండేది. మీవలా కాదే! మొన్న మోకాలి పట్టీ కోసం ఫోన్లో ఒక్కసారి వెతికాను. అంతే! వంట వీడియో పెడితే మోకాలు, వార్తలు పెడితే మోకాలు. లోకంలో ఉన్న మోకాళ్ళన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి.

సరే, అసలు సంగతి. ప్రకటన వచ్చాక అక్క ఎక్కడికెళ్ళినా "టానిక్ అమ్మాయి వచ్చింది" అనేవారు. పక్కనున్న నన్ను చూసి, "ఈ పిల్లకింకా సీసా పట్టలేదా?" అనేవారు. అదే మొహం కదా మరి! ఆఖరికి బడిలో పిల్లలు కూడా నాకు "వాడక ముందు టీచర్" అని పేరు పెట్టారు. చాటుగానే అనుకో. బోర్డువైపు తిరిగినంత మాత్రాన టీచరుకి చెవులు పోతాయా?

ఇప్పుడు నువ్వొచ్చి, కాలం మారింది బామ్మగారూ, మీ ఫోటోనే గెలిచింది అంటున్నావు. అక్కది "ముందు", నాది "తరువాత". వీధి వీధినా హోర్డింగులు, మా వీధి చివర కూడా ఒకటి! అక్క సంతకం కూడా నేనే పెట్టించాలట, ఎంత ధైర్యమమ్మా నీకు!

ష్, మెల్లగా. ఆ లోపలి గదిలోనే ఉంది. తలుపు కాస్త దగ్గరగా వెయ్యి.

పెద్ద జబ్బు చేసి లేచింది. ఇప్పుడు తను నా పాత ఫోటో కంటే సన్నం. ఒళ్ళు చెయ్యకపోతే లాభం లేదని డాక్టరు మొత్తుకుంటున్నాడు. ముద్ద నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంటుంది. ఎలా తినిపిస్తున్నానో తెలుసా? "ఏమే టానిక్ అమ్మాయీ, నీ ఫోటో చూసి జనం సీసాలకి సీసాలు కొన్నారు, ఇంతేనా నీ ప్రతాపం?" అంటాను. రోషం వచ్చేస్తుంది. "నీలా ఉండమంటావా, పుల్లమ్మా!" అని నన్ను తిట్టి మరీ ఇంకో రెండు ముద్దలు తింటుంది. ఈ కుర్చీలో నేనెలా ఇరుక్కుని కూర్చున్నానో నువ్వు చూస్తున్నావుగా! అయినా తనకి నేనింకా పుల్లమ్మనే.

ఆ హోర్డింగు తన కిటికీలోంచి కనపడితే? ఆ రెండు ముద్దలూ మానేస్తుందమ్మా. మానేసి, ఇప్పుడు సన్నగా ఉన్నది తనే కదా, గెలిచాననుకుంటుంది.

కాబట్టి సంతకం లేదు, గింతకం లేదు. ముసలావిడ మొండిదని చెప్పు మీ ఆఫీసులో.

ఒక్కటి మాత్రం ఎవరితోనూ అనకు. ఇందాక నువ్వా బొమ్మ చూపించగానే సంతకం పెట్టేద్దామని నీ చేతిలో కలం లాక్కోబోయాను చూడు, అప్పుడు నాకు అక్క గుర్తులేదు. జబ్బూ గుర్తులేదు, ముద్దలూ గుర్తులేవు.

ఎంత హాయిగా ఉందో తల్లీ, ఆ కాస్సేపూ!