ఓయివా పాతబండి

మా ఓయివా నోట్లో పడిన ఏ అంకె అయినా పెరగాల్సిందే. పొద్దున పట్టిన కిలో చేప మధ్యాహ్నానికి మూడు కిలోలవుతుంది, సాయంత్రానికి పడవని లాక్కుపోతుంది. సరస్సు ఒడ్డున, పెట్రోలు బంకు పక్కన ఈ కాఫీ దుకాణం ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నాను. అతని కోతలు నేను విన్నన్ని ఈ ఊళ్లో ఇంకెవరూ విని ఉండరు. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, నాకు దాల్చినచెక్క బన్నులు నాలుగు ఎక్కువ అమ్ముడుపోతాయి. అలాగే అనుకుంటూ వచ్చాను, ఏప్రిల్ మొదటి శనివారం దాకా.

ఆ పొద్దున అతను కొత్త మంచుబండిని, మంచు మీద జారుకుంటూ పోయే మోటారుబండిని, సరిగ్గా నా కిటికీ ముందు నిలబెట్టి లోపలికొచ్చాడు. నీలం రంగు, గుర్రమంత పొడవు, ఇద్దరు దర్జాగా కూర్చునే సీటు, వెనకవాళ్లు వీపు ఆనించుకోడానికి దిండు. లోపల ముసలి ఆహ్తి ఉన్నాడు. సరస్సు మీద గడ్డకట్టిన మంచుకి కన్నాలు కొట్టి, కింద వలలేసి చేపలు పట్టే మనిషి. ఎప్పట్లాగే కాఫీలో చీజు ముక్కలు నానబెట్టుకుంటున్నాడు. కలప లారీల డ్రైవర్లు ఇద్దరున్నారు, ఊరికి కొత్త. ఓయివాకి కొత్త చెవులు దొరికితే ఇంక చెప్పాలా.

"పాతబండి పాడై మార్చానేమో అనుకునేరు, అది కాదు, ముందు ఆ సంగతి తేలాలి. ఇరవై రెండేళ్ల బండి, మైనస్ నలభైలో కూడా ఒక్క లాగుకి స్టార్టయ్యేది, రెండో లాగు ఎలా ఉంటుందో దానికి తెలియదు. మరి ఎందుకు మార్చానూ అంటే మా లేంపి కోసం. అది ఒక్కళ్లు కూర్చునే బండి కదా, పాపం మా ఆవిడ ఇన్నేళ్లూ వెనక సామాన్ల స్టాండు మీద దుప్పటి మడత పెట్టుకుని కూర్చుంది, ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు, అంటే అందనుకోండి, ఇంజను చప్పుడులో నాకు వినబడలేదు. ఇప్పుడు మనవలొచ్చారు, ఇంటిల్లిపాదీ కలిసి తిరగాలంటే పెద్దబండి కావాలి. సరే అని పాతదాని మీదే పట్నంలో షాపుకి వెళ్లాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? షాపువాడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, టోపీ తీసేసి, 'అయ్యా, మీకు దీన్ని వదులుకోడానికి మనసెలా ఒప్పింది' అన్నాడు, వాడి గొంతు పూడుకుపోయింది."

"ఏడ్చాడా?" అన్నాడు ఒక డ్రైవరు.

"ఏడవడమా? వాళ్లావిడొచ్చి పట్టుకోవాల్సొచ్చింది. మరి ఆ బండి చరిత్ర అలాంటిది. మీలాంటివాళ్ల లారీనే ఒకసారి, కలప దుంగలతో సహా, గోతిలోంచి లాగింది. ఒకటి కాదు, రెండు లారీలు. రెండోది లాగమని ఎవరూ అడగలేదు కూడా, మొదటిదాని వెనక తగులుకుని అదే వచ్చేసింది."

నేను కప్పులు తుడుచుకుంటూ అటు తిరిగాను. ఆ పాతబండి ఏ షాపులోనూ లేదని నాకు తెలుసు.

అంతకుముందు శనివారం మధ్యాహ్నం, ఒళ్లు కాచుకోడానికి పెరట్లో కట్టుకున్న నా ఆవిరిగది తలుపు తట్టాడు. టోపీ దాకా తడిసిపోయి ఉన్నాడు. ప్యాంటు గడ్డకట్టి, అడుగు తీసి అడుగేస్తుంటే టకటకమంటోంది. ఇరుకుపాయ దగ్గర మంచు విరిగి బండితో సహా నీళ్లలో పడ్డాడు. రెండు సరస్సులు కలిసే చోటది, కింద నీళ్లు ఏడాది పొడుగునా పరిగెడుతూనే ఉంటాయి, ఎండలు మొదలైతే అన్నిటికన్నా ముందు పల్చబడేది అక్కడి మంచే. సరస్సు మీద తిరిగేవాళ్లంతా ఇలాంటప్పటి కోసమే మెడలో వేలాడేసుకునే రెండు మేకుల్నీ మంచులో గుచ్చుకుంటూ ఎలాగో పైకి పాకాడట. అతన్ని ఆవిరిలో కూర్చోబెట్టి, చనిపోయిన మా ఆయన బట్టలిచ్చాను. వణుకుతూ ఒకటే మాట, ఎవరికీ చెప్పకు కెర్తూ, ఈ ఊరి పిల్లలందరికీ మంచు చూడ్డం నేర్పింది నేను, నేనే పడ్డానంటే మొహం ఎక్కడ పెట్టుకోను అని.

చెప్పనన్నాను, అక్కడ కొమ్మలు పాతాలన్న ఒక్క షరతు మీద. మా దగ్గర చెడ్డ మంచుని ముందు ఎవరు చూస్తే వాళ్లు అక్కడ స్ప్రూస్ చెట్ల కొమ్మలు నరికి వరసగా పాతి రావాలి. ఆ పచ్చకొమ్మలు కనబడితే వెనక వచ్చేవాడు బండి పక్కకి తిప్పుకుంటాడు. ఎంత తొందరలో ఉన్నవాడైనా, ఊరందరితో గొడవలున్నవాడైనా ఈ పని మాత్రం మానడు. ఓయివా మర్నాడొచ్చి నలభై కొమ్మలు పాతానన్నాడు. నలభై అన్నాడంటే పది పాతి ఉంటాడులే, పది చాలు అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు డ్రైవర్ల ముందు అతని కథ కొత్తబండి మీదకి ఎక్కింది. "ఇవాళే మొదటి ప్రయాణం, నేనూ లేంపీ. ఇంటి దగ్గర ఎక్కాం, ఇరుకుపాయ మీదుగా అడ్డంగా దూసుకొచ్చేశాం. హ్యాండిల్ వెచ్చగా, సీటు వెచ్చగా, మా ఆవిడ వెనక నిద్రపోయింది. దాన్ని వాళ్ల చెల్లెలింటి దగ్గర దింపి ఇలా వచ్చాను."

నాకు నవ్వొచ్చింది. పోనీలే, పడినచోటునే దాటానని చెప్పుకుంటే మనసుకి కాస్త ఊరటేమో అనుకున్నాను. అప్పుడే తలుపు తీసుకుని సంతేరి వచ్చాడు.

సంతేరి ఓయివాకి స్వయానా అక్క కొడుకు. వాడికి బండి నడపడం, మంచు రంగు చూసి మందం చెప్పడం, అన్నీ ఈ మావయ్యే నేర్పాడు. బయట వాడి బండి ఆపకుండానే ఉంది, వెనక కట్టిన చెక్కబండిలో వాడి భార్య మిల్లా, నాలుగేళ్ల వేన్లా రెయిన్‌డీర్ తోలు కప్పుకుని కూర్చున్నారు. అవతలి ఒడ్డున మిల్లా వాళ్లమ్మ ఇంటికి భోజనానికి వెళ్తున్నారు. గుర్తులు పెట్టిన దారిన చుట్టూ తిరిగి వెళ్తే రెండు గంటలు. ఇరుకుపాయ మీదుగా అయితే ఇరవై నిమిషాలు.

"మావయ్యా, ఇరుకుపాయ ఎలా ఉంది?" అన్నాడు. "మిల్లా చుట్టూ తిరిగి పోదామంటోంది. పాపకి చలి, అంతసేపు ఎందుకని నేనంటున్నాను. నువ్వెలా చెప్తే అలా."

కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ డ్రైవరు ఒకడు ఉత్సాహంగా అందుకున్నాడు, "ఈయన పొద్దున్నే దాటొచ్చారుగా, ఆవిడ నిద్రపోయిందట కూడా." సంతేరి మొహం విప్పారింది. ఓయివా ఒకసారి డ్రైవర్ల వంక, ఒకసారి కిటికీ వంక చూశాడు.

"దాటాను. దాటాననుకో. కానీ దాటిన తీరు వినాలి నువ్వు, కూర్చో. మంచు ఉందని దాటానా? మంచు లేదురా అక్కడ, నీళ్లు. పది మీటర్ల నీళ్లు. నా బండి ఊపులో ఉంది కాబట్టి పైపైన జారుకుంటూ వచ్చేసింది, నీ బండికి ఆ ఊపేదీ?"

సంతేరి నవ్వి డ్రైవర్లతో, మా మావయ్య ఏది చెప్పినా ముందు సగానికి కోయాలి, మిగిలినదాన్ని మళ్లీ సగానికి కోయాలి, అంటే రెండున్నర మీటర్ల మేర తడి ఉందన్నమాట, ఏప్రిల్లో ఆమాత్రం ఎక్కడైనా ఉంటుంది అన్నాడు. నుంచునే కాఫీ తాగుతున్నాడు, చేతి తొడుగులు కూడా తీయలేదు.

ఓయివా నుదుటి మీద చెమట కనబడింది నాకు. ఇన్నేళ్లలో అతను కోతలు కోస్తుంటే చెమట పట్టడం ఎప్పుడూ చూడలేదు. కొమ్మలు చూస్తే వీడే వెనక్కి తిరుగుతాడు, ఈయనకి ఈ కంగారెందుకో అనుకున్నాను.

"పదా? పది అన్నానా? రెండొందల మీటర్లు! నీళ్లు సలసలా కాగుతున్నాయి, పొగ, ఎదర ఒడ్డు కనబడ్డంలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూట ఎనభైలో పోతున్నాను, వెనక లేంపి, లేంపి వెనక మా అబ్బాయి, కోడలు, వాళ్ల వెనక కుక్క. లేంపి ఫ్లాస్కు తీసి కాఫీ వొంచింది, గాలికి కాఫీ కప్పులో పడకుండా తిన్నగా వెనక కోడలి కప్పులో పడుతోంది. ఇంతలో నీళ్లలోంచి ఒక పైక్ చేప, మొసలంత చేప, ఎగిరి బండి కింద తిరిగే బెల్టులో పడింది, అటునించి బయటికొచ్చేసరికి పొలుసు ఊడిపోయి, ముల్లు తీసేసి, ముక్కలై ఉంది. సీటు వేడికి ముక్కలు వేగిపోయాయి. ఒడ్డెక్కేసరికి అందరం తినేసి చేతులు కడుక్కున్నాం. ఇలాంటిది ఎవడివల్లనైనా అవుతుందా? నీవల్ల అవుతుందా? కాదుగా? అందుకని చుట్టూ తిరిగి పో నాయనా."

డ్రైవర్లు బల్ల కొట్టి నవ్వారు. నేను నవ్వలేదు. అతను ఇప్పుడు మా కోసం చెప్పడంలేదు. ఎవడూ నమ్మడానికి వీల్లేనంత పెద్దది చేసి ఆ కుర్రాణ్ణి ఆపాలని చూస్తున్నాడు. నిజం ఒక్క ముక్క చెబితే పోయేదానికి అబద్ధాన్ని పెంచుతున్నాడు.

అప్పుడు ఆహ్తి చీజు ముక్క నములుతూ, "నిన్న సాయంత్రం నేను వలలు తీసుకొస్తూ ఇరుకుపాయ చూశాను. పైన కొత్త మంచు కురిసి తెల్లగా ఉంది. ఒక్క కొమ్మయినా లేదు. బాగానే ఉన్నట్టుంది" అన్నాడు.

నా చేతిలో కాఫీ గిన్నె బల్లకి తగిలింది. నలభై కాదు, పది కాదు. ఒక్కటి కూడా పాతలేదు. ఓయివా వంక చూశాను. అతను కప్పులోకి చూసుకుంటున్నాడు.

సంతేరి కప్పు కింద పెట్టాడు. "ఎంత కోసినా ఒకటి మిగులుతుంది మావయ్యా. నువ్వు పొద్దున్నే దాటావు, పొడిగా వచ్చి ఇక్కడ కూర్చున్నావు. నాకది చాలు." జిప్పు గడ్డం దాకా లాక్కుని తలుపు వైపు నడిచాడు.

నేను వంటగదిలోకి వెళ్లి, చిలక్కొయ్యకి వేలాడుతున్న ప్యాంటు తెచ్చి ఓయివా ముందు బల్ల మీద పడేశాను.

"నీ ప్యాంటు ఆరింది ఓయివా. వారం పట్టింది." సంతేరి తలుపు పట్టుకుని ఆగాడు. వాడితో చెప్పాను, "గడిచిన శనివారం ఇరుకుపాయలోంచి మీ మావయ్య ఈ ప్యాంటుతో పైకొచ్చాడు. బండి పైకి రాలేదు."

బయట సంతేరి బండి ఇంజను చప్పుడొక్కటే వినబడుతోంది. ఆ ప్యాంటు అంచుల్లో ఇంకా సరస్సు అడుగు బురద ఉంది. సంతేరి దాని వంక చాలాసేపు చూశాడు. బండి ఎలా పడిందనీ అడగలేదు, అబద్ధం ఎందుకు చెప్పావనీ అడగలేదు.

"కొమ్మలు?" అన్నాడు.

"పాతలేదు," అన్నాడు ఓయివా.

నేలచూపులు చూస్తూ, మిగతాది తనే చెప్పుకొచ్చాడు. కొమ్మలు కనబడితే ఎవరు పాతారని అడుగుతారు, తనేనంటే ఎందుకని అడుగుతారు. గొడ్డలి పట్టుకుని రెండుసార్లు ఒడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చాడట. ఈ కొత్తబండిని ఇవాళ కారు వెనక కట్టుకుని రోడ్డు మీదే తెచ్చి, బంకు వెనక దింపుకుని నా కిటికీ దాకా నడిపాడట. లేంపి ఇంతవరకూ దాని మీద కూర్చోలేదు, ఇంక జన్మలో నీ వెనక కూర్చోను అందట.

నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో నా మీద నాకు అంతకన్నా ఎక్కువ వచ్చింది. నలభైని పది చేసుకుని నిశ్చింతగా వారం రోజులు కప్పులు కడుక్కున్నదాన్ని నేనే కదా.

సంతేరి బయటికి వెళ్లి ఇంజను ఆపాడు. వేన్లాని ఎత్తుకుని, మిల్లాని వెంటబెట్టుకుని లోపలికొచ్చి, పాపని నా గల్లా పక్కన కూర్చోబెట్టాడు. గొడ్డలి ఉందా అని నన్నడిగాడు. తెచ్చిచ్చాను. ఓయివా లేచి నిలబడ్డాడు. సంతేరి గొడ్డలి తన దగ్గర ఉంచుకోకుండా మావయ్య చేతికే ఇచ్చాడు.

మిల్లా ఏం జరిగిందని అడిగితే డ్రైవరు గుసగుసగా చెప్పాడు. వేన్లా అంతా విన్నది. బన్ను మీద చక్కెర నాకుతూ, తలుపు దగ్గరికి వెళ్తున్న ఓయివాని పిలిచింది.

"తాతయ్యా, నీ బండి ఎంత లోతులో పడింది?"

అందరం అతని వంక చూశాం. అలవాటు చొప్పున అతని ఛాతీ పొంగింది, నోరు తెరుచుకుంది. అక్కడ, గొడ్డలి చేతికిచ్చిన మేనల్లుడు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మూడు మీటర్లు," అన్నాడు.

నలభై చలికాలాలు అక్కడ వలలేసిన ఆహ్తి తల పైకెత్తకుండానే ఇంకో చీజు ముక్క కాఫీలో ముంచాడు.

"అవును," అన్నాడు. "అక్కడ మూడే."