ఒకే దోమలో రెండు రక్తాలు

పంతొమ్మిది వందల తొంభై రెండు, జూన్ పదిహేనవ తేదీ ఉదయం మా కీటక పరిశోధనశాలలో సహాయకురాలిగా అడుగుపెట్టిన మా మేడమ్ గారు, ఈ నెలాఖరున ముఖ్య శాస్త్రజ్ఞురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆఫీసులో మేడమ్, గేటు దాటితే అక్క, చాటున దోమలమ్మ. ఈ మూడో పేరు ఆమెకు తెలియదని మేం అనుకుంటాం. తెలిసినా తెలియనట్టు ఉండగల పెద్దమనసు ఆమెది.

ఆమె తొలి సంవత్సరాలు మురుగుకాలువల వెంబడి గడిచాయి. ముక్కు మూసుకొని మేం గట్టున నిలబడితే, ఆమె నీళ్లు ముంచి తెల్ల పళ్లెంలో పోసి, అందులో మెలికలు తిరిగే దోమ పిల్లలను చూసి మురిసిపోయేవారు. పదోన్నతులు వచ్చాయి, గదులు మారాయి, ఆ మురిపెం మాత్రం మారలేదు.

నడివయసులో ఆమె డాక్టరేటు పరిశోధనకు పూనుకొన్నప్పుడు "ఇప్పుడెందుకమ్మా ఈ తలనొప్పి?" అన్నవారు లేకపోలేదు. ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. అడవిలో కోతులు చనిపోయిన కొద్దికాలానికే, అడవి అంచునున్న కలప డిపోలో కూలీలు జ్వరాలతో మంచం పడుతున్నారు. కోతుల్లోని వైరస్‌ను మనుషుల దాకా మోసుకొస్తున్నదెవరు? చిటారుకొమ్మల్లో తిరిగే ఒక జాతి దోమపై ఆమెకు అనుమానం. అది కిందికే దిగదని పెద్దలందరి అభిప్రాయం. దిగుతుందని నిరూపించాలంటే కోతి రక్తమూ మనిషి రక్తమూ కలిసి కడుపులో ఉన్న దోమ ఒక్కటైనా చిక్కాలి.

ఆమె భర్త, మా బావగారు, వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. చెట్లకు వేలాడదీసే దోమల బోనులకు దీపాలు అమర్చే పని అడగకుండానే నెత్తిన వేసుకొన్నారు. బోనులు పెట్టేవారంతా ముందుగా తమ రక్తం నమూనా ఇవ్వాలన్నది మేడమ్ గారి శాసనం. దోమ కడుపులో మన రక్తమే ఉంటే, అది ఎవరిదో తేల్చుకోవాలి కదా! బావగారు రక్తం బుద్ధిగా ఇచ్చారు గానీ, మడిచిన చొక్కా చేతులు మాత్రం దించేవారు కాదు.

"చేతులు దించుకోండి, దోమలు కుడతాయి!" అని ఆమె.

"కుట్టనీవే, నీకు కావలసింది అదేగా!" అని ఆయన.

ఆ వానాకాలంలో దొరికింది! ఒకే దోమలో కోతి రక్తం, మనిషి రక్తం! పైగా దాని లాలాజల గ్రంథుల్లో అదే వైరస్! మేం ఎగిరి గంతులేశాం. నవ్వితే ఉద్యోగం ఊడుతుందేమో అన్నట్టుండే మా డైరెక్టరు గారు స్వయంగా అందరికీ టీ తెప్పించారు. మేడమ్ గారు మాత్రం కప్పు ముట్టలేదు. "ముందు మన నమూనాలతో పోల్చి చూద్దాం" అన్నారు.

పోల్చి చూశాం. అది బావగారి రక్తం.

వైరస్ మోస్తున్న దోమ కుట్టింది ఆయనను. వానలో తడిసిన జ్వరమే అనుకొని ఆయన ఆ రోజు ఇంట్లో ముసుగుతన్ని పడుకొని ఉన్నారు. ఆమె చేతి తొడుగులైనా విప్పకుండా మెట్లు దిగి పరుగెత్తారు. ఆ జ్వరమేదో ముందే తెలియడంతో ఆసుపత్రిలో వైద్యులు తడుముకోలేదు. గండం గట్టెక్కి కళ్లు తెరిచిన బావగారి మొదటి మాట, "దొరికిందా నీ దోమ?"

"దొరికింది. మిమ్మల్ని కుట్టి మరీ దొరికింది," అంటూ ఆమె భోరుమన్నారు. "ఈ డాక్టరేటూ వద్దు, ఏమీ వద్దు. మీరుంటే చాలు."

"బాగుందే! నా రక్తం ధారపోసి దోమను పట్టిస్తే ఇప్పుడు వద్దంటావా? రాయి!"

రాశారు. మౌఖిక పరీక్షనాడు హాలు కిక్కిరిసింది. బయటి నుండి వచ్చిన పరీక్షాధికారి కళ్లజోడు సవరించుకొని, "ఈ మనిషి రక్తం మీ ప్రయోగశాలలో పొరపాటున కలిసి ఉండొచ్చు కదమ్మా?" అన్నారు.

"లేదండీ. అది ఎవరిదో, ఏ చెట్టు కింద కుట్టిందో కూడా తెలుసు. మా ఆయనది."

వెనుక వరుసలో ఒక చేయి లేచింది. "నేనేనండీ ఆ మనిషిని. కావాలంటే ఇంకో చుక్క ఇమ్మంటారా?"

పరీక్షాధికారి నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసేశారు. ఆ సాయంత్రానికి మా దోమలమ్మ డాక్టర్ దోమలమ్మ అయ్యారు!

తదనంతరం ఎందరో పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకులై, కోతులు చనిపోవడం మొదలైన నాడే కలప డిపోకు, అడవి అంచునే ఉన్న బడికి హెచ్చరిక అందే ఏర్పాటును పట్టుబట్టి సాధించారు. నేడు ఆ డిపోలో సాయంత్రం కాగానే కూలీలందరూ చొక్కా చేతులు దించుకొంటారు. అలవాటు పడనివారు మా బావగారొక్కరే!

అక్కా, ఇన్నాళ్లూ అడవికీ మాకూ పంచిన సమయమంతా ఇకపై మీ ఇద్దరిదీ. మీ దంపతులు ఆయురారోగ్యాలతో కలకాలం వర్ధిల్లాలని, ప్రతి సాయంత్రమూ వాకిట్లో మీరు కోప్పడుతూ బావగారి చొక్కా చేతులు దించే భాగ్యం నిండు నూరేళ్లూ మీకు దక్కాలని మనసారా కోరుకొంటున్నాం.